ఖాకీ సంచీ

"పిల్లలు పెరుగుతారు గానీ తరుగుతారా సార్?"

టైలరు మెడలో టేపు సర్దుకుంటూ నిలదీశాడు.

బల్ల మీద పాత ఖాకీ చొక్కా, ప్యాంటు. బల్లకి అవతల హెడ్ కానిస్టేబులు. కొత్త యూనిఫాం వచ్చిన ప్రతిసారీ పాత జత ఇలా తెచ్చి పడేస్తాడు. "బడి సంచీ కుట్టు, పట్టీలు గట్టిగా ఉండాలి" అంటాడు. పిల్ల ఎంతెత్తు ఉంటుందని అడిగితే గాలిలో చెయ్యి పెట్టి చూపిస్తాడు.

ఈసారి ఆ చెయ్యి నడుం దగ్గర ఆగింది.

"ఎవరికి సార్?"

"మా పిల్లకేనయ్యా."

"పోయినసారీ మీ పిల్లకే అన్నారు. అప్పుడు ఛాతీ దాకా ఉంది."

"నువ్వు కుట్టవయ్యా బాబూ! ప్రశ్నలడగడం మా డ్యూటీ."

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఊరుకుంటాడా టైలరు? లోపల కాజాలు కుడుతున్న భార్య వైపు తిరిగాడు.

"చూశావా మన పొదుపు సారుని! పిల్లకి బజార్లో ఒక సంచీ కొనడానికి చేతులు రావు. అసలు ఒక్క పిల్లయితే కదా! ఎత్తులు చూస్తే ఆరేడుగురు తేలుతున్నారు. ఇది ఒక్క కాపురం యవ్వారంలా లేదే."

"ముందు మీ నోటికి నాలుగు కుట్లు వెయ్యాలి" అంది భార్య, దారం కొరుకుతూ.

ఆ కుట్లు పడలేదు. టీ కొట్టు దగ్గర ఒకసారి, క్షౌరశాలలో ఒకసారి మాట జారింది. వారం తిరిగేసరికి వీధి వీధంతా హెడ్డుగారిని చూసి ముసిముసి నవ్వులు.

ఆయనకి తెలిసిందో లేదో. అటుగా వెళ్తూ, "ఏమయ్యా, అయిందా సంచీ?" అని మామూలుగానే పలకరించేవాడు.

"రేపు సార్."

టైలర్ల రేపు సంగతి అందరికీ తెలిసిందే.

చివరికి సంచీ తయారైంది. తీసుకెళ్ళడానికి ఆయన రాలేదు.

పట్టపగలు నగల షాపు ముందు, కత్తి పట్టుకుని పారిపోతున్న దొంగని వాటేసుకున్నాడు. రెండు పోట్లు పడ్డా పట్టు వదల్లేదు. మిగతా పోలీసులొచ్చి వాడికి సంకెళ్ళు వేశాకే నేలకొరిగాడట.

రెండ్రోజులు టైలరు మిషను తొక్కలేకపోయాడు. కొక్కేనికి వేలాడుతున్న ఆ సంచీ వంక చూడాలంటేనే భయమేసింది.

"మీరు చేసిన నిర్వాకం చాలు. వెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టి రండి. తప్పయిందని ఆ తల్లితో చెప్పండి" అంది భార్య.

స్టేషను ఆవరణలో సంస్మరణ సభ. ఫొటో ముందు పూలు. పక్కన కుర్చీలో ఆయన భార్య.

టైలరు దగ్గరికెళ్ళాడు.

"అమ్మా, నేను టైలర్ని. సారు మీ పాప కోసం..."

"మాకు పిల్లల్లేరన్నయ్యా."

అయితే తను వాగిందే నిజమా? ఇలాంటి రోజున, తన వల్లా, ఈ తల్లికి ఆ సంగతి తెలియాలా? టైలరు గబుక్కున సంచీ వెనక్కి దాచేశాడు.

"ఏం లేదమ్మా... పొరపాటున..."

అంతలో గేటులోంచి పిల్లలొచ్చారు. ఇద్దరు, నలుగురు, మొత్తం తొమ్మిదిమంది. ఒకరి పోలిక ఇంకొకరికి లేదు. ఒక్క చిన్నపిల్లకి తప్ప అందరి వీపుల మీదా ఖాకీ సంచీలే! పట్టీల దగ్గర జోడు కుట్టు. ఆ కుట్టు తనదే.

పిల్లలు ఫొటో ముందు వరసగా నిలబడి తలలు వంచారు. వెనకే వాళ్ళ తల్లులు.

"సంచీ ఇచ్చి ఊరుకోలేదమ్మా. బడిలో చేర్పించాడు. నెలనెలా వచ్చి, పిల్ల మానెయ్యలేదు కదా అని అడిగేవాడు. ఈ జన్మకి మర్చిపోం" అంది ఒకావిడ కళ్ళొత్తుకుంటూ.

టైలరు హెడ్డుగారి భార్యకి చేతులు జోడించాడు.

"తల్లీ, నన్ను క్షమించు. సారు గురించి నోటికొచ్చినట్టు వాగాను."

"తెలుసన్నయ్యా. ఆయనే చెప్పి నవ్వేవారు. 'వాగితే వాగాడు గానీ, వాడి కుట్టుకి వంక పెట్టలేం' అనేవారు."

టైలరు బావురుమన్నాడు. ఎంత మాటన్నా పల్లెత్తు మాట అనకుండా, ఇంత మంచి పనిలో తన చెయ్యి కూడా పెట్టించాడా మహానుభావుడు!

"వెనక దాచింది ఇటివ్వన్నయ్యా" అని ఆవిడ సంచీ అందుకుంది. అందరికంటే చిన్నపిల్లని దగ్గరికి పిలిచి, వీపుకి తగిలించింది. అతికినట్టు సరిపోయింది.

తర్వాత కుర్చీ కింద నుంచి, ఉతికి మడత పెట్టిన ఖాకీ జత తీసింది.

"ఇదొక్కటీ మిగిలింది. ఇది కూడా కుట్టి పెట్టు."

"రేపు కాదమ్మా, ఈ పూటే కుడతాను. పిల్ల ఎంతెత్తు ఉంటుంది?"

ఆవిడ లేచి నిలబడి, అచ్చం ఆయనలాగే గాలిలో చెయ్యి పెట్టింది.

"వీళ్ళంతా ఆయన పట్టుకుని జైలుకి పంపినవాళ్ళ పిల్లలే కదన్నయ్యా... మొన్న ఆయన్ని పొడిచినవాడికీ ఒక కూతురుందట, ఇదిగో, ఇంతెత్తు ఉంటుంది."