ఒక్క పేజీ వృథా పోదు

"వచ్చే సంచిక సంగతి ప్రెస్సుకు ఏం చెప్పమంటారు?" అని అడిగింది ఇల్లాలు, గుమ్మంలో పడున్న కట్టలు దాటుకుంటూ.

అమ్ముడుపోక తిరిగొచ్చిన పత్రిక కట్టలవి. ముందుగది నిండిపోయి గుమ్మం దాకా వచ్చేశాయి. వాటి మీదే కూర్చుని సంపాదకుడు మోకాళ్లు నొక్కుకుంటున్నాడు.

ఆయనది లారీల మాసపత్రిక. కొత్త బండ్లు, ఇంజన్ల తీరు, రోడ్ల మీది కబుర్లు. ఒకప్పుడు డ్రైవర్లు ఎదురుచూసి మరీ కొనేవారు. ఇప్పుడు రాసేది ఆయనే, ఫోటోలు తీసేది ఆయనే. అచ్చుతప్పులు దిద్దేది ఇల్లాలు. చదివేదెవరో ఇద్దరికీ తెలియదు.

"ఫోన్లో బండి కదులుతుంది, ఇంజను మోగుతుంది. అదీ ఊరికే. మీ పుస్తకంలో బండి ఎప్పుడూ ఆగే ఉంటుంది" అంది ఆమె. "కనీసం ఆ ఖరీదైన కాగితమైనా మానండంటే వినరు."

"బొమ్మకు నిగనిగ ఉండాలి గదా."

"చూసేవాళ్లుంటే ఉండాలి."

చెప్పుకోడానికి ఆయనకు మిగిలింది ఒక్కటే. లారీల అడ్డా దగ్గరి పుస్తకాల కొట్టు. అన్ని ఊళ్ల నుంచీ కట్టలు వెనక్కి వస్తున్నా, ఆ కొట్టు నుంచి ఒక్క కాపీ తిరిగిరాదు. పైగా పాత సంచికలున్నా పంపమంటాడు కొట్టువాడు. గుడ్డిలో మెల్ల.

ఆమె కాసేపు ఆలోచించింది. ఆ పత్రికంటే తనకూ ప్రేమే. లేకపోతే ఇన్నేళ్లు కళ్లు పొడుచుకుని అచ్చుతప్పులు దిద్దేది కాదు.

"సరే, వెళ్లి రండి. ఆపొద్దని మీ ముఖం మీద చెప్పేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి చాలు. మా నాన్న నాకిచ్చిన స్థలం అమ్మేసి ఇంకో ఏడాది వేద్దాం. దొరక్కపోతే ఈపూటతో మానేద్దాం."

సంపాదకుడు ఎండలో పడి అడ్డాకు చేరాడు. కొట్టువాడు స్టూలు వేసి మంచినీళ్లిచ్చాడు.

"మా పత్రిక ఎవరు కొంటున్నారయ్యా?"

"ఇంకెవరండీ, మా మేస్త్రీ. కట్టకు కట్టా పట్టుకుపోతాడు వాళ్ల షెడ్డుకి. అదిగో, నూరేళ్లాయుష్షు."

వచ్చినవాడు బక్కపల్చటి మనిషి. చేతుల మీద నీలం మరకలు. ప్రెస్సులో పనిచేసేవాళ్ల చేతులూ అలాగే ఉంటాయి. సంపాదకుడికి చూడగానే అభిమానం పుట్టుకొచ్చింది.

"ఈ పుస్తకం వేసేది ఈయనే మేస్త్రీ. ఆపేద్దామనుకుంటున్నారట" అన్నాడు కొట్టువాడు.

మేస్త్రీ ముఖం వాడిపోయింది. "అంత మాటనకండి సార్. మా నోట్లో మట్టి కొట్టినట్టే."

"అన్నీ ఫోన్లో వస్తున్నాయి గదయ్యా."

"ఫోన్ పెట్టుకుని మేమేం చేస్తాం సార్? మా పనికి కాగితమే కావాలి."

"రోజూ వచ్చే న్యూస్ పేపర్లున్నాయిగా?"

"అదీ వాడి చూశాం. కాస్త తడి తగిలితే నానిపోతుంది. పైగా ఆ అచ్చు ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది. మీది గట్టి కాగితం, నున్నగా ఉంటుంది. అలాంటిది ఇంకోటి లేదు."

ఈ మాట ఇల్లాలు వినాల్సింది అనుకున్నాడు సంపాదకుడు. మోకాళ్ల నొప్పి మరిచిపోయి స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"ఇన్ని కాపీలు ఏం చేస్తారు?"

"లారీకొకటి ఉండాల్సిందే సార్. పెద్ద బండైతే రెండు."

నిజమే, పెద్ద బండికి ఇద్దరు డ్రైవర్లుంటారు. ఒకరి చేతిలోది ఇంకొకరు లాక్కోకుండా చెరొకటి. ఇంత ముందుచూపున్న మేస్త్రీని ఆయన ఎక్కడా చూడలేదు.

"అందులో మీకు బాగా పనికొచ్చేదేమిటి?"

"మధ్యలో పెద్ద బొమ్మ వేస్తారే, విప్పితే ఇంతుంటుంది. దానికోసం మావాళ్లు కొట్టుకుంటారు."

సంపాదకుడు గొంతు సవరించుకున్నాడు. అడగాలంటే సిగ్గేసింది. అయినా అడిగాడు. "మరి మొదటి పేజీలో నేను రాసేది?"

"అదీ వదలం సార్. అట్ట నుంచి అట్ట దాకా ఒక్క పేజీ వృథా పోనివ్వం."

కళ్లు తుడుచుకోడానికి సంపాదకుడు అటు తిరిగాడు. ఎన్నాళ్లుగానో ఒంటరిగా గోడకు చెప్పుకుంటున్నాననుకున్నాడు. వినేవాళ్లు ఇక్కడున్నారు. అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేసి, ఫోన్ మేస్త్రీ నోటి దగ్గర పెట్టాడు.

"ఆపకండమ్మా. మీ పుస్తకం లేకపోతే మా షెడ్డు నడవదు" అన్నాడు మేస్త్రీ.

అవతల ఇల్లాలి గొంతు నెమ్మదిగా వినిపించింది. "సరేనండీ. మాటంటే మాటే. ప్రెస్సుకు నేను చెప్తాను. స్థలం పక్కింటివాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు, ఇప్పుడే వెళ్లి ఖాయం చేసేస్తాను."

"మీవాళ్లని ఒకసారి చూడొచ్చా?" అని అడిగాడు సంపాదకుడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ. వచ్చే సంచిక అట్ట మీద వాళ్ల ఫోటోనే వేద్దామని అప్పటికే నిర్ణయించేసుకున్నాడు.

"రండి సార్. ఇప్పుడే ఒక బండి మీద ఉన్నారు."

సందు చివర రేకుల షెడ్డు. లోపలి నుంచి ఏదో మోటారు చప్పుడు వస్తోంది. దారి పొడుగునా ఇల్లాలికి ఏమేం చెప్పాలో కూడబలుక్కుంటూ నడిచాడు. మేస్త్రీ తలుపు తోసి పక్కకు తప్పుకున్నాడు.

లోపల ముక్కులకు గుడ్డలు కట్టుకున్న పనివాళ్లు లారీకి నీలం రంగు పిచికారీ కొడుతున్నారు, ఆ రంగు పడకుండా బండి అద్దం నిండా మధ్యపేజీ బొమ్మలూ, దీపాల మీద ఆయన రాసిన మొదటి పేజీలూ టేపుతో అతికించి ఉన్నాయి.