గురక ఎవరిది?

మా పాతింటి పడకగదిలో గోడలదిరే గురక నాదని మా ఆవిడ, గోడ మీది పాత ఏసీదని నేను, ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. చివరికి దాన్ని పీకించి, చప్పుడు చేయని కొత్త ఏసీ బిగించాం.

"ఈ రాత్రి గురక వినబడిందో, రేపటి నుంచి మీ పక్క వరండాలోనే" అంది.

పరువు కోసం కళ్లు విప్పుకునే పడుకున్నాను. కొత్త ఏసీ కిక్కురుమనకుండా చల్లగాలి వదులుతోంది. కాసేపటికి గురక మొదలైంది.

"ఏమండీ!" అని కసిరింది.

"మెలకువగానే ఉన్నానే! కావాలంటే నా నోరు తడిమి చూడు."

చీకట్లో నా పెదవులు తడిమింది. మూసే ఉన్నాయి. గురక ఆగలేదు.

"ఇప్పుడేమంటావ్? గెలిచానా, లేదా?"

"గెలిచారు మహానుభావా! ఈ గది మీకే" అంటూ దిండు చంకన పెట్టుకుని వరండాలోకి పరుగెత్తింది.

మంచమంతా నాదే! దర్జాగా కాళ్లు బారజాపాను.

గురక ఆగింది. మంచం కింద ఎవరో మెల్లగా ఒత్తిగిలారు.