పనికిరాని సీసా

“ఇందులో మురికుంది!” కొత్త ఆఫీసరు సీసాను తోడక్క ముక్కు ముందు ఆడించాడు. “మైక్రోస్కోపులో చూశా. రెండు రకాల సూక్ష్మజీవులున్నాయి.”

“రెండూ ఉండాలి సార్.”

పాలకు తోడు పెట్టినట్టు ఆ విటమిన్ సి ఫ్యాక్టరీలో ట్యాంకులకు తోడు పెట్టేది ఆవిడే. ఆ తోడు పడితే చక్కెర నీళ్లు పులిసి కీటోగులోనిక్ ఆమ్లం అవుతాయి. ఆ ఆమ్లమే తర్వాత విటమిన్ అవుతుంది.

“ఆ రెండోది ఒక్క చుక్క ఆమ్లమైనా తీస్తుందా?”

“తియ్యదు.”

“మేత?”

“బాగానే మేస్తుంది.”

“తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు! ఎక్కడ దొరికిందీ రత్నం?”

“మా పెరటి మట్టిలో. అది పక్కన లేకపోతే మొదటిది ఎదగదు సార్.”

“పెరటి మట్టా!” ఆఫీసరు మొహం కందగడ్డయింది. “నీ ఒప్పందం చూశా. నీ అంతట నువ్వు మానేసి మనకు పోటీగా ఉన్న ఎదురు ఫ్యాక్టరీకి పోకూడదు. కారణం లేకుండా మేం నిన్ను తియ్యకూడదు. ఆ కారణం నేను చూపిస్తా. సోమవారం మొదటిదొక్కటే వేయిస్తా. గురువారానికి ఆమ్లం వచ్చిందా, నువ్వూ నీ తిమ్మరాజూ గేటు బయట!”

“రాకపోతే?”

“ఉద్యోగం నేను మానేస్తా!”

గురువారం పరీక్ష చేస్తే ఆమ్లం ఎప్పటికన్నా ఒక గీత పైనే ఉంది. ఆఫీసరు నిలబడే చీటీ రాశాడు, ఒప్పందం రద్దని.

“సీసా సంగతీ రాయండి సార్. గేటు దగ్గర పట్టుకుంటారు.”

“చెత్తకీ చీటీనా?” అని నవ్వి, ‘సీసా పనికిరానిది, పట్టుకుపోవచ్చు’ అని కింద గిలికి సంతకం చేశాడు.

గేటు కాపలాదారు చీటీ చదివి నిట్టూర్చాడు. “ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది కదక్కా. అయితే ఇది లేకుండానే ట్యాంకు పండిందన్నమాట.”

“లేకుండానా? సోమవారం వాడటు తిరగ్గానే అర సీసా నేనే ఒంపాను తమ్ముడూ.”

“అయ్యో పిచ్చక్కా! ఊరుకుంటే వాడే మూటాముల్లె సర్దుకునేవాడు కదా!”

తోడక్క చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. సీసాను చంకన పెట్టుకుని, ఎదురు ఫ్యాక్టరీ వైపు రోడ్డు దాటుతూ వెనక్కి తిరిగింది.

“ఊరుకుంటే ఈ సంతకం ఎవడు పెడతాడురా?”