వేయించిన మట్టి

"ఎరువని ఎముకల పొడి గడప దాటి ఇంట్లకొచ్చింది. ఇగ ఎనుకింటి సలీమా వాకిట్ల మట్టి గూడ రావాల్నా?" లలితమ్మ తులసికోట ముందు నిలబడి కోడలి మీద గయ్యిమంది.

కమల కుండీలోని మామిడి మొక్కను చూపించింది. ఆకులు ఊదారంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. "పొడి ఏసి నెలాయె, అత్తమ్మా. ఇంచు గూడ పెరగలె. ఇది సస్తున్నది."

"సావనీ!"

అనడానికి అంది గానీ, ఆ టెంక నాటింది లలితమ్మే. దానికి నీళ్లు పోయనిదే చాయ్ ముట్టదు. పురుగూ బూజూ ఉంటే మైలని మట్టిని జల్లించి, పెనం మీద వేయించి మరీ కుండీ నింపింది. యుద్ధం రోజుల్లో బొగ్గులకే కటకటగా ఉంటే, ఈవిడ మట్టిని వేయించడం చూసి ఛత్రినాక వాడకట్టంతా నవ్వింది.

"సలీమా ఆపా తమ్ముడు సర్కారీ తోటల పనిచేస్తడు గదా, ఆయనే చెప్పిండు," అంది కమల. "మట్టిల సన్నటి బూజు దారాలుంటయట. అవే వేర్లకు అంటుకొని, పొడిల సత్తువను చెట్టుకు మోస్తయట. నువ్వు మట్టిని పెనం మీద ఏంచినవ్, మోసేటివన్నీ మాడినయ్. ఆళ్ల మామిడి కింది మట్టి దోసెడు చాలు."

"బూజు సత్తువిస్తదా? ఆ మట్టి గడప దాటిందంటే నువ్వు ధూల్‌పేటకే, మీ అవ్వగారింటికి!"

కమలకు ఏడుపొచ్చింది. ఏడుపును మించి కోపమొచ్చింది. "పోత. మొక్కను బతికిచ్చే పోత!"

"నీతోని మాట్లాడి నా మడంతా ఖరాబాయె," అంటూ లలితమ్మ పెరట్లోకి పోయి తలుపు ధడాలున వేసుకుంది.

కమల చీరలు మూటగట్టి చంకన పెట్టుకుంది. తట్ట పట్టుకుని, వాడకట్టు ఆడవాళ్లు చూస్తుండగానే, తలెత్తుకుని గల్లీ దాటింది.

సలీమా మామిడి చెట్టు కింద కూర్చుని ఉంది. చేతుల నిండా మట్టి. పక్కనే అప్పుడే తవ్విన గుంట.

"మట్టి కావాలె ఆపా. అత్తమ్మ ఎల్లగొట్టినా సరే, తీస్కనే పోత."

సలీమా మూటను చూసింది, తట్టను చూసింది, నవ్వాపుకోలేకపోయింది.

"తీస్కపో బేటీ, గని జర మా చెట్టుకు గూడ ఉంచుండ్రి. నీకు చెప్పొద్దని కసం ఏయించి, ఎనుక దర్వాజలకెళ్లి మీ అత్త ఇప్పుడే గంపెడు మోస్కపోయింది!"