కుదుపు తగ్గని బండి

దండం పెట్టుకుని మొదలుపెట్టిన పని చెడిపోతే ఆ పాపం ఎవరి తలకు చుట్టుకుంటుంది? పని చేసిన చేతికా, దండం అందుకున్న దేవుడికా? వెల్డరును ఏళ్ళ తరబడి తొలుస్తున్న సందేహం ఇది. ఇవాళ కూడా బండి కిందికి దూరేముందు కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. ఈసారి కాస్త ఎక్కువసేపే జోడించాడు.

బండి అతనిది కాదు, అతనికి పని నేర్పిన మేస్త్రిది. కారు వెనక తగిలించుకునే చిన్న గది. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, గోడకు అలమర. పని మానేశాక మేస్త్రి తన చేతులతో భార్య కోసం కట్టాడు దాన్ని. కాపురానికి వచ్చిన నాటినుంచి ఒకే వంటింటి కిటికీలోంచి ఒకే గోడను చూస్తూ వచ్చిన మనిషి ఆవిడ. రోజుకో కొత్త ఊళ్ళో తెల్లవారాలని ఆవిడ కోరిక.

ఆ కోరికకు కుదుపు అడ్డం పడింది.

బిరుసుగా ఉన్నాయని వెల్డరు చక్రాల మీద బరువు మోసే కమాన్లలోంచి ఒక పట్టీ తీశాడు. లాభం లేకపోయింది. కొత్త షాకబ్జార్బర్లు బిగించాడు. అరిగిన రబ్బరు బుష్‌లు మార్చి, టైర్లలో గాలి తగ్గించాడు. ఏం చేసినా అంతే. వీధి చివర గతుకు రాగానే బండి మేకపిల్లలా ఎగిరి దూకేది.

అలా పరీక్షగా తిప్పేటప్పుడు కారు వెల్డరే నడిపేవాడు. మేస్త్రి పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, వెనక ఇనుము చేసే చప్పుడు వినేవాడు.

“ఇలాంటి బండితో పొలిమేర కూడా దాటను” అని ఇంటికొచ్చాక భార్యతో తేల్చేసేవాడు. “హుక్కు తెగితే మనమొక ఊళ్ళో, మంచాలొక ఊళ్ళో.”

ఇవాళ ఆవిడ షెడ్డుకే వచ్చి నిలబడింది.

“ఏరా పుల్లా, ఈసారైనా కుదురుతుందా?”

సన్నగా ఉన్న రోజుల్లో పెట్టిన పేరది. ఇప్పుడు పుల్ల బండి కింద దూరాలంటే జాకీని ఇంకో జానెడు లేపాలి.

“చూద్దాం పిన్నీ” అన్నాడు కిందినుంచే.

“ఆ చూడ్డమే చూస్తున్నావు ఎన్నాళ్ళనుంచో!”

అలమరలో ఆవిడే డబ్బాలు పేర్చింది. పిండి, పంచదార, ఉప్పు, టీపొడి. వెల్డరు ప్రతి బోల్టు మీదా పానా తిప్పి బయటికి వచ్చాడు. మేస్త్రిని కార్లో పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. ఆవిడ పరుగున వచ్చి తలుపు తీసింది.

డబ్బాలన్నీ నేలమీద ఉన్నాయి. మంచాల మీద పిండి మంచులా పరుచుకుంది. పంచదారేదో ఉప్పేదో తెలియడం లేదు.

“సంచీ సర్దడం, విప్పడం. సర్దడం, విప్పడం. చేతకాకపోతే మొదటే చెప్పొచ్చుగా!” అంది ఆవిడ. “అంత పనిమంతుడి దగ్గర నువ్వు నేర్చుకున్నది ఇదా? నిన్ను నమ్మి ఎవడైనా సైకిలైనా ఇస్తాడా?”

ఎదుటి కొట్టువాళ్ళు తలలు తిప్పి చూశారు. బేరం మాట్లాడటానికి వచ్చి నిలబడ్డ ట్రాక్టరాయన మెల్లగా జారుకున్నాడు. వెల్డరు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి నేల చూపులు చూస్తున్నాడు.

“చేతకాలేదు పిన్నీ” అన్నాడు వెల్డరు.

ఆ ఒక్క మాటతో ఆవిడ కోపమంతా నీరుకారిపోయింది. నేలమీద తెల్లగా పడి ఉన్నదాన్ని వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పే.

“పోనీలే. బస్సు కిటికీలోంచి కనబడే ఊళ్ళూ ఊళ్ళే” అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, చీపురు అడగడానికి ఎదుటి కొట్టుకు వెళ్ళింది.

ఆవిడ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా మేస్త్రి కదల్లేదు. తర్వాత చెయ్యి చాపాడు. అది ముందు బండి రేకుకు తగిలి, ఆ తర్వాత వెల్డరు భుజాన్ని పట్టుకుంది.

“కొత్తలో నువ్వు ఇరుసు కొలత తప్పి కోసేస్తే, యజమాని ముందు ఆ తప్పు నాదేనన్నాను. గుర్తుందా?”

“మరిచిపోతే అన్నం ఎలా దిగుతుంది మేస్త్రీ?”

“ఆ బాకీ ఇవాళ్టితో తీరిపోయిందిరా. నా కళ్ళకు దారి ఆనడం లేదని మీ పిన్నికి తెలియకూడదని నేను బతిమాలినందుకు, బాగుపడ్డ బండిని ప్రతిసారీ నీ చేత్తో నువ్వే చెడగొట్టి నా తిట్లు నువ్వు తిన్నావు.”