మేక కథలో నేర్చిన మాట

వాల్వులోంచి వచ్చిన గ్యాసు పీల్చి పడిపోయిన కార్మికుడు సాయన్నను అంబులెన్సు అప్పుడే తీసుకుపోయింది. మందుల ఫ్యాక్టరీలో విచారణాధికారి, వాల్వు మిషిను అచ్చేసిన ఇంగ్లీషు చీటీని పైకెత్తాడు. చదవడం జనం ఎప్పుడో మానేశారు. చెవిలో పెట్టుకునేందుకు కంపెనీ ఇచ్చిన చెవిపలుకు యంత్రమే ఏ కాగితాన్నైనా తెలుగులో వినిపిస్తుంది.

"వాల్వు తెరిచింది పోశవ్వ" అని అందరి చెవుల్లోనూ పలికింది.

"నేను దాన్ని ముట్టనే లే సార్!" అంది అక్కడే పనిచేసే పోశవ్వ.

"మిషిను అబద్ధం చెప్తదా? నడువ్ జైలుకు," అన్నాడు మేనేజరు దివాకర్.

పోశవ్వకు సాయంత్రపు బడి గుర్తొచ్చింది. పెద్దవాళ్లకు ఇంగ్లీషు చదవడం నేర్పే కమల టీచరు, ముందు అందరి చెవిపలుకులనూ టిఫిన్ డబ్బాలో వేయించి మూత పెట్టేది. ఆ తర్వాతే ఇంగ్లీషు కథ చదివించేది. గేటు తెరిచిందెవరు, మేక ఎట్లా పోయింది?

పోశవ్వ చెవిలోది తీసి తన డబ్బాలో వేసింది. చీటీ అందుకుని వేలు పెట్టింది. 'ఓపెన్డ్', అంటే తెరిచారని. కథలో గేటు దగ్గర వచ్చిన మాటే! పక్కన ఉన్నది మాత్రం తన పేరు కాదు. వేలు అక్షరం మీంచి అక్షరానికి జరిగింది.

"డి... ఐ... వి..."

"ఆ చీటీ ఇటియ్యి!" మేనేజరు అరిచాడు.

అధికారి అతన్ని చేత్తో ఆపి, తన చెవిలోది కూడా తీసేశాడు. "చదువమ్మా."

"దివాకర్," అంది పోశవ్వ గట్టిగా.