వంకర తుపాకులు

డెల్మర్ ప్రూయిట్ కొత్త పిస్తోలుని కౌంటరు మీద పెట్టి, దేవుడి విగ్రహానికి తెర తీసినంత భక్తిగా గుడ్డ తీశాడు. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. నడుముకి తగిలించుకుని చొక్కా పైకి వదిలేస్తే కన్నతల్లి కూడా కనిపెట్టలేదు.

"పిట్ట కొంచెం, కూత ఘనం," అన్నాడు.

"ముందు కూయనీ," అన్నాడు రాయిస్.

ఆ షూటింగ్ రేంజి రాయిస్‌దే. వాళ్ళ చర్చి కాపలా బృందానికి పెద్ద కూడా అతనే. టెక్సాస్‌లో ఆ ఊరి చర్చిలో ఆదివారం ప్రార్థన జరుగుతున్నంతసేపూ గుమ్మం దగ్గర ఒకడు తుపాకీతో నిలబడాలి. ఏళ్ళ తరబడి ఆ ఒకడు డెల్మరే. బొజ్జ మీద చేతులు కట్టుకుని అక్కడ నిలబడితే, పాస్టరు కంటే తననే ఎక్కువమంది పలకరిస్తారని అతని నమ్మకం.

కిందటి నెల కాపలావాళ్ళకి పెట్టిన గురి పరీక్షలో కథ అడ్డం తిరిగింది. కాగితం మీద గీసిన మనిషి బొమ్మని కొట్టమంటే, తూటాల్లో సగం బొమ్మని క్షమించి వదిలేశాయి. తుపాకీ ఎడమకి లాగుతోందన్నాడు డెల్మర్. అంతకుముందుది కుడికి లాగింది. దానికి ముందుది పైకి లాగింది. ఇంట్లో బీరువా నిండా వంకర తుపాకులే. ఆడలేక మద్దెల ఓడన్నారని వినడమే గాని, ఇన్ని ఓటి మద్దెలలు ఒకే ఇంట్లో ఉండటం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"ఇవాళ కూడా తప్పితే ఇక గుమ్మం లేదురా," రాయిస్ ఖరాఖండిగా చెప్పేశాడు. "డోనట్ల బల్ల దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకి కాఫీ పోద్దువుగాని."

డోనట్ల బల్ల మోకాళ్ళు అరిగిపోయినవాళ్ళ పని. మొన్నటిదాకా వాళ్ళని చూసి నవ్వినవాడు తనే.

"అయినా పెద్దదాంతోనే తగల్లేదు, ఈ బుల్లిదాంతో ఏం కొడతావు? గొట్టం పొట్టయ్యేకొద్దీ గురి కష్టం," అన్నాడు రాయిస్.

"అది చేతకానివాళ్ళకి."

డెల్మర్ భార్య వాండా సంచి పట్టుకుని పక్కనే నిలబడింది. వాళ్ళ మనవరాలు చర్చిలో గుమ్మం పక్క బెంచీలోనే కూర్చుంటుంది. ఎప్పుడైనా ఈ మనిషి అక్కడ తుపాకీ తీస్తే తూటా ఎవరికి తగులుతుందోనని వాండాకి ఆదివారం వస్తోందంటేనే భయం. చెబితే వినే రకం కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి.

రేంజిలో అడుగు పెట్టాలంటే చెవులకి డొప్పలు, కళ్ళకి అద్దాలు ఉండి తీరాలి. మోతకి చెవులు దిబ్బళ్ళు పడకుండా అవి, ఖాళీ తూటా ఎగిరి కంట్లో పడకుండా ఇవి.

"పాతవి పాడైపోయాయి. కొత్తవి తెచ్చాను," అంటూ వాండా సంచిలోంచి తీసి అందించింది. డెల్మర్ అవేమిటో చూడనైనా చూడకుండా తగిలించుకున్నాడు. ధ్యాసంతా పిస్తోలు మీదే ఉంది.

తూటాలు నింపాడు. ఊపిరి బిగబట్టాడు. నింపినవన్నీ కాల్చాడు.

రాయిస్ మీట నొక్కితే కాగితం తీగ మీద జారుకుంటూ వచ్చింది. చిల్లులన్నీ బొమ్మ గుండె మీదే ఉన్నాయి. కాఫీ కప్పు పెడితే మూసుకుపోతాయి. రాయిస్ కాగితాన్ని తిరగేసి చూశాడు. పక్క వరసలోంచి ఇంకెవడైనా కొట్టాడేమోనని అటు కూడా చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"మళ్ళీ కొట్టు," అన్నాడు కొత్త కాగితం పెట్టి.

మళ్ళీ అక్కడే తగిలాయి.

"చూశావుగా? మనిషిలో లోపం లేదురా. ఇన్నాళ్ళూ తుపాకుల్లోనే ఉంది," అన్నాడు డెల్మర్. గర్వంగా నాలుగు దిక్కులా చూశాడు. "గోడమీద ఆ బోర్డుకి రంగు వేయించావేంటి? అక్షరాలు మెరిసిపోతున్నాయి."

"అది మా నాన్న బతికుండగా వేయించిన రంగు."

డెల్మర్ పెళ్ళాం వైపు తిరిగాడు. "ఏమే, మొహం మీద ఆ ముడతలెప్పుడొచ్చాయి నీకు?"

"నిన్ను కట్టుకున్న మర్నాడు," అంది వాండా.

రాయిస్ పగలబడి నవ్వాడు. నవ్వి, ఓడిపోయినట్టు చేతులెత్తేశాడు. "సరే పోరా. గుమ్మం నీదే."

డెల్మర్ పిస్తోలుని ముద్దు పెట్టుకుని నడుముకి తగిలించుకున్నాడు. ఫ్రిజ్ తలుపుకి అంటించడానికి చిల్లుల కాగితాన్ని చుట్ట చుట్టాడు. డొప్పలూ అద్దాలూ పీకి సంచిలో పడేశాడు.

"అద్దాలు ఉంచుకో. ఆదివారం గుమ్మం దగ్గర కూడా పెట్టుకుందువుగాని," అంది వాండా.

"చర్చిలో ఇవెందుకే? ఇక్కడంటే రూలు. అక్కడ పెట్టుకుంటే నవ్విపోతారు. నన్ను గట్టెక్కించింది ఈ బుల్లిదే, ఆ ప్లాస్టిక్కు ముక్కలు కాదు."

డెల్మర్ బయటికొచ్చి, రాయిస్ ట్రక్కు తలుపు పట్టుకుని గుంజాడు.

"మనది ఆ పక్కది," అంది వాండా. "పోనీ ఇవాళ బండి నేను తోలనా?"

"ఇంత గురి ఉన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునా?" అంటూ డెల్మర్ స్టీరింగు ముందు కూర్చున్నాడు.

వాండా సీటు బెల్టు బిగించుకుని వెనక సీట్లో సంచి వంక చూసింది: 'నాకేం ముసలితనం వచ్చిందని కళ్ళజోడు' అని మొగుడు మొండికేస్తే, కంటి డాక్టరు చెప్పిన నంబరుకి తను చాటుగా చేయించిన అద్దాలు అందులోనే ఉన్నాయి.